వంపు తుంటికి, భరోసా నడుముకి

వెన్ను ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లకు సలహాలకు కొదవుండదు. ఆర్నెల్లు మంచం దిగొద్దని పెద్దమ్మ అంటుంది. మా బావమరిది పదో రోజునే బండి నడిపాడని పక్కింటాయన అంటాడు. డిశ్చార్జి కాగితంలో మాత్రం మూడే మాటలుంటాయి: వంగొద్దు, బరువులెత్తొద్దు, నడుం మెలితిప్పొద్దు. కానీ చేయిజారి కిందపడ్డ మాత్ర తీసుకోవాలి, స్నానం చేయాలి, ప్యాంటు తొడుక్కోవాలి. వంగకుండా ఇవన్నీ ఎలా? ఆ సంగతి నేర్పడానికే ఫిజియోథెరపీలో ఒక సంప్రదాయం పుట్టింది. దాని పేరు బ్యాక్ స్కూల్.

1969లో స్వీడన్‌లో మరియాన్ జాక్రిసన్ ఫోర్సెల్ అనే ఫిజియోథెరపిస్టు దీన్ని మొదలుపెట్టారు. రెండు వారాల్లో నాలుగు తరగతులు, ఒక్కోటి ముప్పావుగంట. కొద్దిమందిని ఒకచోట చేర్చి వెన్నెముక నిర్మాణం ఏమిటో, ఎలా కూర్చుంటే దానిమీద ఎంత భారం పడుతుందో, బరువు ఎలా ఎత్తాలో చెప్పి, వాళ్లచేత చేయించేవారు. అది నడుంనొప్పివాళ్ల కోసం పెట్టిన బడి. ఆపరేషన్ తర్వాత మన ఫిజియోథెరపిస్టులు నేర్పేవి కూడా చాలావరకు ఆ పాఠాలే.

వాటి వెనక లెక్కలున్నాయి. 1960ల్లో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ మనుషుల డిస్కులోకి సూది పంపి లోపలి ఒత్తిడిని కొలిచారు. 1999లో జర్మనీకి చెందిన విల్కే బృందం 45 ఏళ్ల వాలంటీరు మీద కొత్త పరికరంతో మళ్లీ కొలిచింది. వెల్లకిలా పడుకున్నప్పుడు 0.1 మెగాపాస్కల్, నిలబడితే 0.5. సుమారు 20 కిలోల పెట్టెను వీపు గుండ్రంగా వంచి ఎత్తితే ఏకంగా 2.3. అదే పెట్టెను మోకాళ్లు మడిచి ఎత్తితే 1.7. ఎత్తాక ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1, చేతులు చాపి దూరంగా పట్టుకుంటే 1.8. బరువు మారలేదు, మనిషి మారలేదు. ఎత్తిన తీరు ఒక్కటే మారింది. మన ఇళ్లకొచ్చే నీళ్ల క్యాను కూడా 20 కిలోలే.

ఆపరేషన్ అయిన నడుముకు ఈ తేడా ఇంకా ముఖ్యం. సయాటికాకు చేసే ఆపరేషన్లో డిస్కు మొత్తాన్ని తీయరు. బయటికి జారి నరాన్ని నొక్కుతున్న ముక్కను తీస్తారు. మిగతా డిస్కు అక్కడే ఉంటుంది, దాని పొరలో పడిన చిల్లూ ఉంటుంది. పెద్దవాళ్ల డిస్కుకు సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు కాబట్టి ఆ గాయం నెమ్మదిగా మానుతుంది. ఈలోగా మళ్లీ జారే ప్రమాదం ఉంది. స్క్రూలు, రాడ్లు వేసినవాళ్ల లెక్క వేరు. పూసలు ఒకదానికొకటి అతుక్కునేదాకానే లోహం ఆసరా, దానికి నెలలు పడుతుంది. అతుక్కున్నాక అక్కడ కదలిక ఉండదు గనక పైపూస, కిందిపూస ఎక్కువ శ్రమ పడతాయి.

మొదటి పాఠం మంచం దగ్గరే. వెల్లకిలా పడుకున్నవాళ్లు తిన్నగా లేచి కూర్చోకూడదు. మోకాళ్లు మడవాలి. భుజాలు, తుంటి ఒకేసారి కదిలేలా దుంగలా పక్కకు దొర్లాలి. కాళ్లు మంచం అంచు దాటించి కిందికి వదులుతూ, మోచేత్తోనూ అరచేత్తోనూ పరుపును నొక్కి లేవాలి. పడుకునేటప్పుడు ఇదే వరస తిరగేయాలి.

రెండోది వంగడం. ఇల్లు తుడిచే మాప్ కర్రను ఫిజియోథెరపిస్టు వీపు వెంట నిలువుగా పెట్టిస్తారు. తల వెనక, భుజాల మధ్య, పిరుదుల మీది ఎముక దగ్గర, ఈ మూడుచోట్లా కర్ర తగులుతూ ఉండాలి. మోకాళ్లు కాస్త సడలించి పిరుదులను వెనక్కి నెడుతూ ముందుకు వాలాలి. మూడింటిలో ఏ ఒక్కచోట కర్ర ఎడమైనా నడుము వంగిందని అర్థం. సరిగ్గా చేస్తే తొడల వెనక లాగినట్టుంటుంది, నడుము మాత్రం తిన్నగా ఉంటుంది. చాలామంది ఇన్నేళ్లూ తుంటి చేయాల్సిన పని నడుముతో చేయించారని ఆ కర్ర చెబుతుంది. చిన్న వస్తువు తీయాలంటే ఒక చేత్తో బల్ల పట్టుకుని, ఒక కాలు వెనక్కి లేపి, రెండో చేత్తో అందుకోవచ్చు. తుమ్ము, దగ్గు వచ్చినప్పుడు కూడా ముందుకు వంగిపోకుండా చేతిని బల్లమీదో గోడమీదో ఆనించాలి.

ఇక ఇల్లు. మన ఇళ్లలో పనులన్నీ నేలమీదే. బకెట్టును స్టూలు మీద పెట్టుకుంటే మగ్గు కోసం వంగక్కర్లేదు. కొన్నాళ్లు భోజనం, పూజ కుర్చీలోనే. ఇండియన్ టాయిలెట్ ఉన్న ఇంట్లో కమోడ్ కుర్చీ కొనుక్కోవాలి. రోజూ వాడే గిన్నెలను నడుము ఎత్తులో ఉన్న గట్టుమీదికి చేర్చాలి. నొప్పిమాత్రలు కొన్ని మలబద్ధకం తెస్తాయి, ముక్కితే నడుముమీద ఒత్తిడి. అందుకే నీళ్లు, ఆకుకూరలు, పళ్లు ఎక్కువ తీసుకోవాలి.

పొద్దున్నే ఊడ్చి ముగ్గు వేసే అలవాటున్నవాళ్లు ఇంకోటి గమనించాలి. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చి ఉబ్బుతాయి. విల్కే వాలంటీరుకు ఏడు గంటల నిద్రలో ఒత్తిడి 0.1 నుంచి 0.24కి పెరిగింది. తెల్లారి లేవగానే వంగితే ఉబ్బిన డిస్కుమీద భారం ఎక్కువ. ఆపరేషన్ తొలినెలల్లో ముగ్గు బాధ్యత ఇంకొకరికి అప్పగించాలి. తర్వాత కూడా లేచిన గంట దాకా వంగే పనులు పెట్టుకోకపోవడం మంచిది.

ఇన్ని జాగ్రత్తలు చదివి కదలడానికే భయపడితే మొదటికే మోసం. 1990ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో యూజీన్ కరాగీ, డిస్కు ఆపరేషన్ అయినవాళ్లకు ఆంక్షలు పెట్టకుండా పంపి చూశారు. వాళ్లు త్వరగా పనుల్లోకి వెళ్లారు, చిక్కులూ పెరగలేదు. ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాలకు వ్యాయామం మొదలుపెట్టినవాళ్లు, ఏమీ చేయనివాళ్లకన్నా ముందుగా తేరుకుంటారని పరిశోధనల సమీక్షలూ చెప్పాయి. తరగతుల్లో కూర్చుని విన్నంత మాత్రాన నొప్పి తగ్గుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. ఒళ్లు కదిలిస్తేనే ఆ పాఠానికి విలువ. కాబట్టి మొదటివారం నుంచే నడక. ఒకేసారి మైలు నడవక్కర్లేదు, అయిదు పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు నడిచి, క్రమంగా పెంచాలి. పొగతాగేవాళ్లు మానేయాలి, నికోటిన్ ఎముక అతుక్కోవడాన్ని దెబ్బతీస్తుంది. షుగరున్నవాళ్లు దాన్ని అదుపులో ఉంచుకుంటేనే కుట్లు సవ్యంగా మానుతాయి. నడుం బెల్టు ఎన్నాళ్లు పెట్టుకోవాలో, స్పీడ్‌బ్రేకర్ల దారిలో స్కూటరెప్పుడు ఎక్కొచ్చో సర్జనే చెప్పాలి. స్క్రూలు వేసినవాళ్లకూ వేయనివాళ్లకూ ఈ గడువులు ఒకటి కావు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే అలవాట్లూ వ్యాయామాలూ పక్కనపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మర్మాంగాల చుట్టూ తిమ్మిరి, పాదం పైకి లేవకపోవడం, జ్వరంతోపాటు కుట్ల దగ్గర చీము, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, ఇవి రేపటిదాకా ఆగేవి కావు.

ఇవేవీ లేకుండా అంతా సజావుగా సాగితే బెల్టు పోతుంది, ఆంక్షలూ ఒక్కొక్కటే సడలుతాయి. వంగే తీరు మాత్రం జీవితాంతం ఉండాల్సిందే. అందుకే ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఎన్నాళ్లు వంగకూడదని అడిగి ఊరుకోకండి. ఫిజియోథెరపిస్టు ముందు నేలమీదున్న సంచిని ఎత్తి చూపించి, ఇలా వంగుతున్నాను, సరేనా అని అడగండి.