హాహాహూహూ: లండన్‌లో పడ్డ మన గంధర్వుడు

విశ్వనాథ సత్యనారాయణ పేరెత్తితే మా నల్లగొండ, పాలమూరు సాహిత్య సభల్లో రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి వేయిపడగలు, రెండోది ఛాందసుడు. అంత పెద్ద రచయితను ఈ రెండు మాటలతో సరిపెట్టడం చూస్తే నాకు కడుపు మండుతుంది. ఆ మహానవల నీడలో పడి మరుగైన చిన్న నవల హాహాహూహూ. తెలుగులో సైన్స్ ఫిక్షన్ అనదగ్గ రచనల్లో దీన్ని మించిన సాహసం నేను చదవలేదు.

కథ చెప్పాలంటే నాలుగు మాటలు చాలు. లండన్ నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒక వింత ప్రాణి పడి ఉంటుంది. గుర్రం మొహం, మనిషి ఒళ్లు, రెక్కలు. మనిషనాలా, జంతువనాలా? నగరం నగరమంతా తలపట్టుకుంటుంది. తీరా చూస్తే అది మాట్లాడే భాష సంస్కృతమని తేలుతుంది. వచ్చినవాడు గంధర్వుడు! హాహా, హూహూ అన్నవి మన పురాణాల్లోని గంధర్వుల పేర్లే.

ఇక పనితనం చూడండి. ఇంకొక రచయితకు ఈ ఊహ తడితే భయపెట్టడానికి వాడుకునేవాడు. 1898లో హెచ్.జి. వెల్స్ తన వార్ ఆఫ్ ది వరల్డ్స్‌లో అంగారక జీవుల్ని ఇంగ్లండు మీదికి ఆయుధాలతో దింపాడు. విశ్వనాథ గంధర్వుడికి ఆయుధం అక్కర్లేదు, నోరుంది. పరీక్షించడానికి వచ్చినవాళ్లే పరీక్షకు నిలబడాల్సి వస్తుంది. మీ జ్ఞానానికి హద్దు ఎక్కడ, మీకు తెలియనిది లేనట్టేనా అని వాళ్లనే నిలదీసినట్టు సాగుతుంది సంభాషణ. 1726లో స్విఫ్ట్ తన గలివర్‌ను మాట్లాడే గుర్రాల దేశానికి పంపాడు. ఇక్కడ గుర్రం మొహమే ఇంగ్లండుకు నడిచొచ్చి పాఠం చెప్పింది.

చోటు ఎన్నుకోవడంలో ఉంది అసలు దెబ్బ. ట్రఫాల్గర్ స్క్వేర్ అంటే మామూలు కూడలి కాదు. 1805 నాటి నౌకాయుద్ధ విజయానికి గుర్తుగా స్తంభం మీద నౌకాదళ నాయకుడు నెల్సన్‌ను నిలబెట్టుకున్న, సామ్రాజ్య గర్వం పోతపోసిన చోటు. సరిగ్గా అక్కడ పడేశాడు మన గంధర్వుణ్ని. విజయవాడలోనో కాశీలోనో దిగి ఉంటే అది భక్తి కథ అయ్యేది. లండన్‌లో దిగాడు కాబట్టి రెండు జ్ఞానాల మధ్య వాదమయింది. పైగా అద్భుతాన్ని అద్భుతం, అద్భుతం అని ఎక్కడా ఊదరగొట్టడు. ఈ నిగ్రహం చేయి తిరిగినవాడికి తప్ప పట్టుబడదు.

మా జిల్లాల పాఠకుడికి ఈ గంధర్వుడు కొత్తవాడు కాడు. తుంగభద్ర ఒడ్డున అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు వెళ్లి స్వర్గబ్రహ్మ గుడి గోడల్ని తలెత్తి చూడండి. బాదామి చాళుక్య వినయాదిత్యుని కాలం, అంటే ఏడో శతాబ్దపు చివరి నాటి పని. జంటలు జంటలుగా గాలిలో తేలిపోతున్న గంధర్వులు! రాయికి బరువు లేకుండా చేశాడు ఆ శిల్పి. ఆ గోడ మీదివాణ్ని లేపి, నోరిచ్చి, పరాయి నగరంలో నిలబెట్టినవాడు విశ్వనాథ. ఆయన దగ్గర యంత్రాలు లేకపోతే దీన్ని సైన్స్ ఫిక్షన్ అనొచ్చా అని అడిగేవాళ్లున్నారు. సైన్సు ఎంతవరకు చూడగలదని కథ పెట్టి అడిగితే అది కాక మరేమిటి?

ఇదే చమత్కారం విశ్వనాథ మరో చిన్న నవల విష్ణుశర్మ ఇంగ్లీషు చదువులోనూ ఉంది. పంచతంత్రం చెప్పిన పండితుణ్ని ఇంగ్లీషు నేర్చుకునేవాడిగా కూర్చోబెట్టాడు. తరవాతివాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ చీకట్లో సూర్యుడు, యుగాంతం రాసి అద్దె పుస్తకాల పాఠకుణ్ని అంతరిక్షం దాకా లాక్కెళ్లారు. 1991లో సింగీతం శ్రీనివాసరావు ఆదిత్య 369లో కాలయంత్రాన్ని నేరుగా రాయలవారి కాలంలో దించారు. వీళ్లు అరువు తెచ్చుకున్న సరుకును మన ఇంటి దినుసుగా మార్చినవాళ్లు.

ఇప్పుడు వస్తున్నదాంట్లో ఎక్కువ భాగం ఏమిటి? ఒక ఇంగ్లీషు సినిమా చూసి కథ ఎత్తుకొస్తారు. పాత్రకు ఒక పురాణం పేరు తగిలిస్తారు. అస్త్రాన్ని క్షిపణి అనీ పుష్పకాన్ని విమానం అనీ చెప్పి చప్పట్లు అడుగుతారు. అందులో ప్రశ్న లేదు, వాదం లేదు, రచయిత చదువుకున్న జాడ లేదు. పురాణం పేరు పెట్టినంత మాత్రాన విశ్వనాథ వారసులమంటే ఒప్పుకునేది లేదు. ఇది ఆయనకు అవమానం, పాఠకుడికి మోసం.

ఆయన ఆంధ్ర రచయిత, మనకెందుకనే మాట కూడా ఈ మధ్య విన్నాను. కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆయనే. వేయిపడగలును సహస్రఫణ్ పేరుతో హిందీలోకి తెచ్చింది మన పి.వి. నరసింహారావు. 1913లోనే హితబోధిని నడిపిన పాలమూరు, 1922లో నీలగిరి పత్రిక వెలువరించిన నల్లగొండ మంచి పుస్తకానికి సరిహద్దు గీస్తాయా?

2018లో వెల్చేరు నారాయణరావు చేసిన హాహాహూహూ ఇంగ్లీషు అనువాదాన్ని పెంగ్విన్ వేసింది. ఇంగ్లీషు చదివే పిల్లవాడికి గంధర్వుడు దొరికాడు. మా వైపు ఒక పట్టణ గ్రంథాలయంలో అడిగితే పోటీ పరీక్షల పుస్తకాలున్న బీరువా చూపించారు. ఉద్యోగం కోసం చదివే పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్లకు ఆ పుస్తకాలు కావాలి. కానీ ఒక్క అర కూడా నవలకు మిగలకపోతే అది గ్రంథాలయం ఎట్లవుతుంది?

ముగింపులో గంధర్వుడు ఏమయ్యాడో నేను చెప్పను, చదివి తెలుసుకోండి. మన ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకని కడుతున్నాం. ఆ హక్కుతోనే వెళ్లి మీ ఊరి గ్రంథాలయంలో హాహాహూహూ అడగండి. లేదంటే తెప్పించమని కాగితం రాసి ఇవ్వండి. తెలుగు పంతుళ్లకు నా విన్నపం ఒకటే: ఏడాదిలో కొన్ని పీరియడ్లు ఈ నవలకు కేటాయించి, తరగతిలో గొంతెత్తి చదివి వినిపించండి.