పొద్దు తెలిసిన కల్లు

ఈతచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఆ మాట చెట్టుకు ఎంత అపకీర్తి తెచ్చిందంటే, దాని కింద నిజంగా కల్లే తాగే మనిషికి నాలుకంటూ ఒకటి ఉంటుందని ఒప్పుకోవడానికి మనకు మనసు రాదు. అదే ద్రాక్షతో చేసిన వైన్ అయితే ఏ కొండవాలులో కాసింది, ఏ ఏడు కోసింది, వాసనేమిటి, పులుపెంత అని అడగడం మర్యాదగా చెలామణీ అవుతోంది. హిందూపురం దాటి సరిహద్దు దిగితే నంది కొండల చుట్టూ ద్రాక్షతోటలున్నాయి, బెంగళూరు నీలిద్రాక్షకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అనంతపురం వైపు వంకల గట్లమీద పెరిగే ఈతకు అలాంటి ముచ్చటేదీ లేదు. అయినా ఈ పీఠభూమికి సొంత వైన్ అంటూ ఏదైనా ఉంటే అది ఈత కల్లే. దాన్ని రుచి చూసి ఎంచుకునే తెలివి విలాసం కాదు, రోజుకు ఒక ముంత తాగే కూలిమనిషి చేతిలో వ్యాపారి మీద ఉన్న ఒకే ఒక తక్కెడ. ఆ తక్కెడ వాడకం తప్పిపోయిన చోటల్లా కల్తీ రాజ్యమేలింది.

ముందు నేల సంగతి. పడమటి కనుమల చాటున పడటంతో నైరుతి వానలు అనంతపురం జిల్లాకు పూర్తిగా చిక్కవు. తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్య వానలు వచ్చేసరికి చల్లబడిపోతాయి. ఉమ్మడి జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ కురిస్తే. చెనిక్కాయ చేను రెండు వారాలు వాన ముఖం చూడకపోతే వాడిపోతుంది. ఈతచెట్టు లెక్క వేరు. పెన్న, చిత్రావతి, హగరి, వాటిలో కలిసే వంకలు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకమేటలుగానే ఉన్నా, ఆ ఇసుక కింద దాగిన తేమను ఈత వేళ్లు వెతుక్కుంటాయి. పైరు ఎండిన ఏడు కూడా చెట్టు ఊరుతుంది. కరువు నేలలో తీపి ఇచ్చే చెట్టును మనిషి వదిలిపెట్టడు కాబట్టి, ఈ వైపు ఈడిగ కులస్థుల చేతిలో అదొక శాస్త్రమైంది.

తాడిచెట్టుకూ ఈతకూ గీతలోనే తేడా ఉంది. తాడిలో పూగెలను కట్టి, నలిపి, కొసలు చెక్కుతారు. ఈతలో అలా కాదు. మొవ్వుకు కాస్త కింద ఒకవైపు మట్టలు కొట్టి, పైపొర చెక్కి, లోపలి మెత్తని భాగాన్ని బయటపెట్టి, అది కొన్నాళ్లు ఆరాక సన్నగా గీస్తారు. గీత కింద చిన్న దోనె దిగ్గొట్టి కుండ తగిలిస్తారు. చెట్టు ప్రాణం ఉండేది ఆ మొవ్వులోనే కాబట్టి కత్తి నాలుగు వేళ్లు లోపలికి దిగితే చెట్టు చచ్చిపోతుంది. సాయంత్రం తగిలించిన కుండ రాత్రంతా నిండి తెల్లవారి దిగుతుంది. మరుసటి ఏడాది గీత రెండోవైపుకు మారుతుంది. అందుకే పాత ఈతచెట్టు కాండం ఒకసారి ఇటు, ఒకసారి అటు గంట్లు పడి వంకరటింకరగా ఉంటుంది. ఆ గంట్లు లెక్కపెడితే ఎన్నేళ్లుగా గీస్తున్నారో తెలిసిపోతుంది. వైన్ సీసా మీద అచ్చువేసే సంవత్సరాన్ని ఇక్కడ చెట్టే ఒంటిమీద రాసుకుంటుంది.

ఇందులో రుచికి అసలు మూలం గీయని రోజుల్లో ఉంది. ఈతను రోజూ గీయకూడదు. కొన్ని రోజులు గీసి, కొన్ని రోజులు గాయాన్ని ఆరనివ్వాలి. ఆరిన తరువాత మొదటి రాత్రి దిగే రసం తేటగా, చిక్కటి తీపితో ఉంటుంది. రెండో రాత్రికి కాస్త పలచబడుతుంది, మూడోనాటికి గీతలోనే పులుపు మొదలవుతుంది. బెంగాల్లో ఇదే చెట్టు రసంతో బెల్లం వండేవాళ్లు మొదటి రాత్రి రసాన్ని జిరాన్ అనీ, రెండోదాన్ని దోకాట్ అనీ వేరువేరు పేర్లతో పిలుస్తారు, బెల్లానికి ధరలు కూడా వేరు. మనవైపు ఆ తేడా గీసేవాడికి తెలుసు, తాగేవాళ్లలో పాతవాళ్లకు తెలుసు. దాన్ని ధరలోకి తెచ్చే అలవాటు మాత్రం మనకు రాలేదు. నాణ్యానికి పేరు పెట్టని చోట నాణ్యానికి వెల కూడా ఉండదు.

ఇక పొద్దు విషయం. వైన్ ఏళ్లు గడిస్తే పండుతుంది, కల్లుకు గంటలే ఆయుష్షు. చెట్టు నుంచి కారే రసంలో నూటికి పది నుంచి పద్నాలుగు పాళ్ల దాకా చక్కెర. కుండ లోపల సున్నం పూసి ఉంటే అది పులవక నీరాగా దిగుతుంది. సున్నం లేని కుండలో గాలిలోంచి, గీతలోంచి, నిన్నటి కుండ అంచు నుంచి చేరిన ఈస్టూ బ్యాక్టీరియా కారుతున్నప్పుడే పని మొదలుపెడతాయి. పాలకు తోడు వేసినట్టే, పాత కుండే కల్లుకు తోడు. అందుకే దించిన మొదటి గంటల్లో కల్లు తియ్యగా, కొంచెం జిగురుగా, నాలుక మీద సన్నగా చిటపటలాడుతూ ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ చక్కెర సారాయంగా మారి తీపి తగ్గుతుంది, పులుపు పైకొస్తుంది. మధ్యాహ్నానికి తీపి, పులుపు, ఘాటు మూడూ సరితూగే ఘడియ ఒకటి వస్తుంది, రుచి తెలిసినవాళ్లు కాచుకునేది దానికోసమే. సాయంత్రానికి ఘాటు ముదిరి, మర్నాటికి సిర్కా వాసన పట్టుకుంటుంది. మొత్తంమీద సారాయం నూటికి నాలుగు నుంచి ఆరు పాళ్లు, అంటే బీరుకు దగ్గర, వైన్‌లో సగానికి తక్కువ.

ఈ గడియారం తెలిస్తే రుచి చూడటం మంత్రతంత్రం కాదు. ముందు ముంతను ముక్కు దగ్గర పెట్టాలి. తాజా కల్లుకు పచ్చి ఈతమట్ట వాసనా, పులిసిన పిండి వాసనా కలిసి ఉంటాయి. ఘాటైన సిర్కా వాసన ఉదయం పూటే కొడితే అది నిన్నటి సరుకు. తరువాత నురుగు చూడాలి. బతికున్న కల్లులో బుడగలు అడుగు నుంచి లేస్తూనే ఉంటాయి, తిప్పితేనే నురుగొచ్చి వెంటనే అణిగిపోతే అది చచ్చిన కల్లు. తెల్లదనాన్ని మాత్రం నమ్మకూడదు, అన్నిటికంటే సులువుగా తెచ్చిపెట్టుకోగలిగేది అదే. చివరికి ఒక గుక్క నోట్లో పట్టి, తీపి ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. చక్కెర తీపి నాలుక మీద పరుచుకుని, వెనకాలే వచ్చే పులుపుకు చోటిస్తుంది. శాకరిన్ తీపి గొంతు దిగాక కూడా వేలాడుతూ చివర చేదు విడుస్తుంది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇంకొకటుంది: ఉదయం ఉన్నంత తీపి సాయంత్రం కూడా ఉన్న కల్లు అబద్ధం చెబుతోంది. చక్కెర తగ్గకుండా కల్లు పులవదు, ఇది ఏ వ్యాపారీ మార్చలేని నియమం. పక్కన ఉప్పూకారం పట్టిన గుగ్గిళ్లో, వేయించిన చెనిక్కాయలో ఉంటే ఆ పులుపు ఇంకా తేటగా తెలుస్తుంది. తీపి కల్లు తినుబండారం లేకుండానే బాగుంటుంది.

కాలం కూడా ఎంపికలో భాగమే. ఈతకు నిండు కాలం చలికాలం. రాత్రులు చల్లగా ఉంటే కుండలో పులుపు నెమ్మదిస్తుంది, తెల్లవారేసరికి తేట మిగులుతుంది. ఎండలు ముదిరాక ఊట తగ్గుతుంది, దిగినది కూడా తొందరగా పులుస్తుంది. ఆ వేళకు తాడి అందుకుంటుంది. తాడి కల్లు కాస్త బరువు, వాసన గట్టిది, ఈతంత సుకుమారం కాదు. ఏది మంచిదన్న తగువు మామిడి రకాల మధ్య తగువులాంటిది, నేను తలదూర్చను.

ఇక్కడే బలమైన ఆక్షేపణ వస్తుంది. కల్లులో కలిపేది నీళ్లూ శాకరినే అయితే నాలుక పట్టుకుంటుంది సరే, క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలం కలిపితే? చిటికెడు మత్తుమందుకు రుచి ఉండదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, వాళ్లలో ఎవరికీ రుచి తెలియదని అనగలమా? అనలేం. నాలుక మత్తుమందును కనిపెట్టలేదు, ఆ పని ప్రయోగశాలదే. కానీ మందు కలపాల్సిన అవసరం ఎక్కడ పుట్టిందో చూస్తే రుచి పాత్ర మళ్లీ కనిపిస్తుంది. ఒక లెక్క వేసుకుందాం. చెట్టు రాత్రికి రెండు లీటర్లు ఇస్తుందనుకుంటే, రోజుకు 400 లీటర్లు అమ్మే దుకాణానికి 200 చెట్ల ఊట కావాలి. గీసినన్ని రోజులూ ఆరబెట్టాలంటే 400 చెట్లు ఉండాలి. ఒక మనిషి రోజుకు ఎక్కగలిగేది పదుల్లోనే. అలాంటి తోపు కనుచూపు మేరలో లేని ఊళ్లో, అందులోనూ మండువేసవిలో, పీపాల కొద్దీ ఈత కల్లు అమ్ముతున్నారంటే ఆ కొరతను ఏదో ఒకటి పూడుస్తోందన్న మాట. నీళ్లు పోస్తే మత్తు తగ్గుతుంది, తగ్గిన మత్తును మాత్ర భర్తీ చేస్తుంది. తాగేవాడు కల్లును మత్తుతో మాత్రమే కొలిచినంత కాలం ఈ బేరం లాభసాటిగానే ఉంటుంది. రుచితో, పొద్దుతో, చెట్టుతో కొలిచేవాడు పలచబడిన ముంతను మొదటి గుక్కలోనే పక్కన పెడతాడు, అప్పుడు మాత్ర దాకా పోయే దారే మూసుకుంటుంది. ప్రయోగశాల పట్టుకునేది నేరాన్ని, అది కూడా తాగాక. నాలుక అడ్డుకునేది నేరానికి ముందున్న మోసాన్ని.

రెండో ఆక్షేపణ ఇంకా పెద్దది: తాగుడుకు రుచి పాఠాలేమిటి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేపిన ఉద్యమం ఎంత న్యాయమైనదో ఎవరూ చెప్పనక్కర్లేదు. దాని ఒత్తిడితోనే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. కల్లులో ఉన్నదీ సారాయమే. రోజూ తాగితే కాలేయానికి చేసే కీడూ, కూలిడబ్బుకు పెట్టే చిల్లూ కల్లంగడిలోనూ ఉంటాయి. రుచి తెలిసినంత మాత్రాన అవి పోవు. అయితే ఆ ఉద్యమం గురిపెట్టింది ప్రభుత్వం వేలం వేసి ఊరూరా దింపిన సారాను. సారా ఏడాది పొడవునా, ఎంత కావాలంటే అంత, ఒకే ఘాటుతో దొరుకుతుంది. కల్లుకు చెట్టు పెట్టిన హద్దుంది, కాలం పెట్టిన హద్దుంది, పొద్దు పెట్టిన హద్దుంది. ఆ హద్దులను చెరిపేసి కల్లును సారాలా అమ్మడం మొదలైనప్పుడే అది ప్రమాదమవుతోంది. చట్టాలు ఈ తేడాను సరిగా పట్టుకున్నది తక్కువ. 1937లో రాజాజీ సేలంలో మొదలుపెట్టిన నిషేధం మరుసటి ఏడాదికి చిత్తూరు, కడప దాకా వచ్చింది, స్వాతంత్య్రం తరువాత మద్రాసు రాష్ట్రమంతటా పరుచుకుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాది దాటగానే, 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది కూడా ఈ మద్యనిషేధం తగువులోనే. చెట్టెక్కే మనిషి బతుకుతెరువు అప్పటికే అంత పెద్ద రాజకీయమైంది. ఆ తరువాత వచ్చిన గీత కార్మికుల సహకార సంఘాలూ, గీసేవాడికే చెట్టు అనే పథకమూ చెట్టునూ అమ్మకాన్నీ ఒకే చేతిలో ఉంచే ప్రయత్నాలు. తాగేవాడు చెట్టునడిగి తాగాలంటే, అడగడానికి అక్కడ గీసినవాడుండాలి కదా.

శుచి మాటేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. బంగ్లాదేశ్‌లో పచ్చి ఈత రసాన్ని రాత్రిపూట గబ్బిలాలు నాకడం వల్ల నిపా వైరస్ మనుషులకు సోకిందని తేలింది. అక్కడ గీతనూ కుండ మూతినీ వెదురుచాపతో కప్పే పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు. మనవైపూ కప్పిన కుండను అడిగి తీసుకోవడం తాగేవాడి హక్కు కావాలి. కానీ శుచి పేరుతో కల్లును కాచి సీసాల్లో నింపుదామంటే ఒప్పుకోలేం. కాస్తే పులియడం ఆగుతుంది, దాంతో పాటు చిటపటా, తాజా వాసనా కూడా పోతాయి, మిగిలేది తెల్లటి పుల్లనీళ్లు. నీరాకైతే చల్లదనం పనికొస్తుంది, హైదరాబాదులో 2023లో తెరిచిన నీరా కేఫ్ దానిమీదే నడుస్తుంది. కల్లు మాత్రం చెట్టుకు దగ్గరగా తాగాల్సిన పానీయం.

ఇదే చిక్కు మెక్సికో పీఠభూమిలో పుల్కేకు వచ్చింది. అదీ వానలు తక్కువ నేలే, అక్కడ చెట్టుకు బదులు మాగే మొక్క గుండెను తొలిచి రసం తీస్తారు, మన కల్లులో ఉండే జైమోమోనాస్ అనే బ్యాక్టీరియానే అక్కడా దాన్ని పులియబెడుతుంది. రెండు మూడు రోజులకు మించి నిలవదు కాబట్టి గత శతాబ్దంలో బీరు కంపెనీలు దాన్ని మురికి తాగుడని వెక్కిరించి మార్కెట్ లాక్కున్నాయి. ఇటీవల మెక్సికో నగరంలో కుర్రవాళ్లు మళ్లీ పుల్కే అంగళ్ల దారి పట్టారు, ఏ ఊరి మాగే, ఎప్పుడు తీసిందని అడుగుతున్నారు. ఆ జాతి మొక్కే మన అనంతపురం చేలగట్ల మీద కంచెగా నిలబడ్డ కిత్తనార. దానిలోంచి మనం నారే తీశాం, రసం జోలికి పోలేదు. పక్కన ఈత ఉండగా అవసరమేముంది?

ఆ ఈతే ఇప్పుడు పలచబడుతోంది. వంకలో ఇసుక తోడిన కొద్దీ వేళ్లకు అందే తేమ కిందికి జారుతుంది, గట్టు చదునుచేసి బోరు వేసిన చోట తోపు ముందుగా పోతుంది. గీసేవాళ్ల పిల్లలు బెంగళూరు బస్సెక్కుతున్నారు. మిగిలిన తోపుల్లో చలికాలపు ఉదయం కుండ దిగేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు మూడే: ఏ చెట్టుది, ఆరబెట్టి ఎన్నోనాడు, ఎన్ని గంటలకు దించింది. గీసినవాడైతే చెట్టు వైపు వేలు చూపించి చెబుతాడు. కొని అమ్మేవాడైతే కల్లు తెల్లగా ఎంత బాగుందో చూడమంటాడు.