చార్జర్ బానెట్ కింద ఏ ఇంజను?

1968 నుంచి 1970 దాకా డాడ్జ్ సంస్థ చేసిన చార్జర్ కారును ఏ షెడ్డులోనో తుప్పు పట్టిన స్థితిలో కొని, బాడీ బాగుచేయించి మళ్ళీ రోడ్డెక్కించే వాళ్ళు అమెరికాలో ఈనాటికీ ఉన్నారు. ఏటా ఆగస్టులో డెట్రాయిట్ ప్రాంతంలోని ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూజ్‌లో ఇలాంటి కార్లు బారులు తీరి సాగుతాయి. డెట్రాయిట్ కార్ల కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్ళలో చాలామంది వాటిని చూసే ఉంటారు. రంగు, సీట్లు, చక్రాల సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది ఇంజను. చార్జర్ ఆర్/టీ మోడల్ కొనేవాళ్ళ ముందు కంపెనీ అప్పట్లో ముఖ్యంగా రెండు ఇంజన్లు పెట్టింది. కారుతో పాటు వచ్చేది 440 మ్యాగ్నమ్. ఆరు వందల డాలర్ల పైచిలుకు అదనంగా కడితే 426 హెమీ.

ఆ అంకెలు ఘనపుటంగుళాలు. 426 అంటే దాదాపు 7 లీటర్లు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇంజను ఒక లీటరు చుట్టుపక్కలే ఉంటుంది. రెండూ ‘వి’ ఆకారంలో నాలుగేసి సిలిండర్లున్న వి8లే. పరిమాణంలో చిన్నదైన 426కే ధర ఎక్కువ. కారణం తెలియాలంటే సిలిండర్ల మీది మూత, అంటే హెడ్, దించి చూడాలి.

హెమీ హెడ్‌ను తిరగేసి చూస్తే ప్రతి సిలిండర్ మీదా బోర్లించిన గిన్నెలా గుండ్రని గుంట కనిపిస్తుంది. పెట్రోలు, గాలి కలిసి మండేది అక్కడే. ఆ గుంటలో రెండు వాల్వులు ఎదురెదురుగా, చెరో పక్కకి వాలి ఉంటాయి. గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వు వెడల్పు 2.25 అంగుళాలు, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వుది 1.94. రెండూ కలిపితే 4.19 అంగుళాలు. సిలిండర్ బోరు 4.25. బల్లపరుపు కప్పు మీద అంత పెద్ద వాల్వులు రెండు పక్కపక్కన ఇమడవు. ఇమిడినా గోడకి ఒరుసుకుంటాయి, మధ్యలో హెడ్ పగలకుండా నిలవడానికి లోహం మిగలదు. కప్పును గుమ్మటంలా ఎత్తి వాల్వులను చెరో వాలుకి పంపేసరికి రెంటికీ చోటు దొరికింది. 440కి బోరు ఇంకా పెద్దది, 4.32 అంగుళాలు. అయినా దాని వాల్వులు 2.08, 1.74 దగ్గరే ఆగాయి. చిన్న బోరులో పెద్ద వాల్వులు పట్టించడమే హెమీ మొదటి గొప్పతనం. దానిలోని మిగతా విచిత్రాలన్నీ ఈ ఒక్క నిర్ణయం నుంచి పుట్టుకొచ్చినవే.

గాలి ‘వి’ మధ్యలో నుంచి లోపలికి దిగి, సిలిండర్‌ని దాటి, బయటి వైపుకి పోతుంది. వెనక్కి మళ్ళే పని లేదు. రెండు వాల్వుల నడుమ, గుమ్మటం నడినెత్తికి దగ్గరగా స్పార్క్ ప్లగ్ దిగింది. మంట అక్కడ మొదలై అన్ని వైపులకూ ఇంచుమించు ఒకే దూరం పాకుతుంది. అయితే హెడ్‌కి నడుమ ఉన్న ప్లగ్‌ను పానా పెట్టి విప్పేదెలా? అందుకని వాల్వ్ కవర్‌లో నాలుగు రంధ్రాలు చేసి, ఒక్కో దాంట్లో ఉక్కు గొట్టం నిలబెట్టారు. ప్లగ్ ఆ గొట్టం అడుగున ఉంటుంది. హెమీ ఫొటోల్లో నల్లటి వెడల్పాటి కవర్ల మీదికి ప్లగ్ వైర్లు నేరుగా దిగుతూ కనిపించేది ఇందుకే. చూసే కళ్ళకి అది అలంకారం. పని తెలిసినవాడికి, నూనె కారకుండా ప్లగ్ దాకా చెయ్యి చేర్చిన ఉపాయం.

అసలు చిక్కు వాల్వులను కదిలించడంలో వచ్చింది. క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే, అదీ బ్లాక్ మధ్యలో ఉంది. అక్కడినుంచి పుష్‌రాడ్‌లు పైకి వచ్చి రాకర్ ఆర్మ్‌లను నెట్టాలి. వాల్వులు ఎదురెదురు దిక్కుల్లో వాలినప్పుడు ఒకే షాఫ్ట్ మీద అన్ని రాకర్లనూ కూర్చోబెట్టడం కుదరదు. అందుకని ప్రతి హెడ్ మీదా రెండేసి షాఫ్టులు వేశారు. ఇన్‌టేక్ రాకర్లు పొట్టివి. ఎగ్జాస్ట్ రాకర్లు హెడ్‌కి అవతలి ఒడ్డు దాకా చాచుకుని ఉండే పొడుగువి. వాటి పొడవు, బరువు మరీ పెరగకుండా గుమ్మటాన్నే కాస్త లోపలి వైపుకి ఒరిగించారు. ఇక్కడే ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైన వివరం. ‘వి’ లోపలి వైపు గాలి దారులు, పుష్‌రాడ్‌లు నిండిపోయాక హెడ్‌ను బిగించే బోల్టులకి పైనుంచి పానా దిగే చోటు మిగల్లేదు. అలాగని ఆ వైపు బిగింపు వదిలేస్తే గ్యాస్కెట్ నిలవదు. అందుకని హెడ్‌లోకే స్టడ్‌లు బిగించి, అవి కిందికి, ట్యాపెట్లు ఉండే లోయలోకి దిగేలా చేశారు. ఆ నట్లను కింది వైపునుంచి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఎక్కించకముందే బిగించాలి. ఈ వరస తెలియని మెకానిక్ చేతిలో ఆ ఇంజను నిలవదు.

పైన ఇంత బలం పుడితే కింద ఆపుకోవాలి. గుమ్మటం లోతు ఎక్కువ కాబట్టి కంప్రెషన్ రావడానికి పిస్టన్ నెత్తిని ఉబ్బెత్తుగా చేయాల్సి వచ్చింది. దాంతో పిస్టన్ బరువెక్కింది. ఆ బరువు పైకీ కిందికీ పరుగెడుతుంటే క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టుకునే మెయిన్ క్యాపులు పక్కలకు అదరాలని చూస్తాయి. బ్లాక్ గోడలను క్రాంకు మధ్యరేఖ కంటే కిందికి దించి, మధ్యనున్న మూడు క్యాపులకి నిలువు బోల్టులతో పాటు పక్కనుంచి అడ్డ బోల్టులు కూడా వేశారు. క్రాంకు పోత పోసింది కాదు, సాగగొట్టి చేసిన ఉక్కు.

ఇదంతా కాగితం మీద ఒక్కసారిగా కుదరలేదు. 1964 ఫిబ్రవరిలో జరిగే డేటోనా 500 పందెం కోసం డాడ్జ్ మాతృసంస్థ క్రైస్లర్ ఇంజనీర్లు ఆదరాబాదరాగా ఈ ఇంజను తయారుచేశారు. పందెం దగ్గర పడుతుండగా పరీక్షల్లో సిలిండర్ గోడలు చిట్లాయి. గోడలు మందం చేసి, బ్లాకులు మళ్ళీ పోత పోసి ట్రాకుకి పంపారు. ఆ పందెంలో రిచర్డ్ పెట్టీ నడిపిన, క్రైస్లర్‌దే అయిన ప్లిమత్ కారు మొదటి స్థానంలో వచ్చింది. రెండు, మూడు స్థానాలూ ప్లిమత్‌లవే. మామూలు కొనుగోలుదారులకి దొరకని ఇంజను పందేల్లో వద్దని వాటిని నడిపే నాస్‌కార్ సంస్థ అడ్డు చెప్పడంతో, క్రైస్లర్ 1966 మోడల్ నుంచి దాన్నే రోడ్డు కార్లలో పెట్టి అమ్మింది. 1971తో ఆపేసింది.

రోడ్డు హెమీకి నాలుగు గొంతుల కార్టర్ కార్బురేటర్లు రెండు, ఒకదాని వెనక ఒకటి. నెమ్మదిగా పోతున్నప్పుడు వెనక దాని చిన్న గొంతులే పనిచేస్తాయి, పెడల్ లోతుగా తొక్కితే ముందుది కూడా తెరుచుకుంటుంది. కంపెనీ చెప్పిన శక్తి 5,000 ఆర్‌పీఎం దగ్గర 425 హార్స్‌పవర్. లాగుడు, అంటే టార్క్, 4,000 దగ్గర 490 పౌండ్-అడుగులు.

ఇక్కడ 440 వైపు తిరగాలి. దాని దహన గది ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు పల్లంగా ఏటవాలుగా ఉంటుంది. వాల్వులన్నీ ఒకే వరసలో, ఒకే దిక్కుకి వాలి ఉంటాయి కాబట్టి హెడ్‌కి ఒక్క రాకర్ షాఫ్ట్ చాలు. ఆ హెడ్ సన్నగా, తేలిగ్గా ఉంటుంది. మొత్తం మీద ఇంజను హెమీ కంటే 40 కిలోలకు తక్కువ కాకుండా తేలిక. రెండేసి గొంతుల కార్బురేటర్లు మూడింటితో 1970 చార్జర్‌లో వచ్చిన 440 సిక్స్ ప్యాక్ రకానికి 390 హార్స్‌పవర్ అని చెప్పారు. మామూలుగా నడిచేది నడిమి కార్బురేటరే. అటూ ఇటూ ఉన్నవి, ఇంజను గాలి ఎక్కువ అడిగినప్పుడు వ్యాక్యూమ్‌తో వాటంతట అవే తెరుచుకుంటాయి. హార్స్‌పవర్‌లో హెమీ కంటే 35 తక్కువే. కానీ దాని టార్క్ కూడా 490 పౌండ్-అడుగులు, అదీ 3,200 ఆర్‌పీఎం దగ్గరే. హెమీకి అంత లాగుడు రావాలంటే ఇంకో 800 తిరుగుళ్ళు ఎక్కాలి. సిగ్నల్ దగ్గర ఆగి కదిలే రోడ్డు మీద కాలికి తెలిసేది ఆ 3,200. పెద్ద వాల్వులు పూర్తిగా తమ సత్తా చూపేది ఇంజను వేగంగా తిరిగేటప్పుడే. అందుకే ఇంజనును దాని ఒక్క పెద్ద అంకెతో కొలవకూడదంటాను. ఆ అంకెలు కూడా ఫ్యాను, సైలెన్సరు వంటివి తగిలించకుండా స్టాండు మీద కొలిచినవి. తగిలించి కొలిచిన నికర లెక్కలు చెప్పడం 1972 మోడళ్ళ నుంచే.

ఇంజనుకి తగ్గట్టు కారును కూడా మార్చుకోవాలి. హెమీ హెడ్లు ఎంత వెడల్పంటే, ఎడమ పక్క బ్రేక్ బూస్టర్‌కి తగలకుండా దాని వెనక ప్రత్యేకమైన స్పేసర్ వేసి పక్కకి జరపాలి. ఇంజన్ని మోసే కె-ఫ్రేమ్ కూడా హెమీకి వేరు. ముందు బరువుకి మందపు టార్షన్ బార్లు, నాలుగు గేర్ల పెట్టె ఉంటే వెనక డానా 60 ఇరుసు. బాడీ మెలితిరగకుండా కింద అదనపు ఉక్కు పెట్టెలు. కంపెనీ ఇవన్నీ కలిపే అమ్మింది. ఇంజను ఒక్కటీ కొని దించేస్తే పని సగమే అయినట్టు. కంప్యూటర్‌తో నడిచే 707 హార్స్‌పవర్ హెల్‌క్యాట్ ఇంజన్ని కూడా కంపెనీ తర్వాతి కాలంలో పెట్టెలో పెట్టి అమ్మింది. శక్తి మాత్రమే కావాలంటే అది మంచిదే. దానితో పెట్రోలు ట్యాంకు నుంచి వైరింగ్ దాకా మార్చాలి, బానెట్ ఎత్తితే 1960ల పనితనం కనబడదు.

కాబట్టి పానా పట్టకముందు చేయాల్సింది, డాష్‌బోర్డు మీద ఎడమ మూల ఉన్న పలకలో బండి నంబరు చదవడం. 1968, 69 చార్జర్లలో అయిదో అక్షరం ‘జె’ అయితే అది హెమీతో పుట్టిన కారు. 1970లో దానికి గుర్తు ‘ఆర్’. 1968 నుంచి ఇంజను బ్లాక్ మీద కూడా బండి నంబరులో కొంత భాగం గుద్దారు. రెండూ కలిస్తే ఆ కారులోంచి ఆ ఇంజన్ని తీయకూడదు. ఎంత ఖర్చయినా దాన్నే విప్పి, కొలిచి, కట్టాలి.

నంబరు వేరేదైతే, లేదా ఖాళీ బాడీ దొరికితే, నేను 440 వైపే మొగ్గుతాను. పెద్ద సెడాన్లలోనూ అదే ఇంజను వేశారు కాబట్టి బ్లాకులు ఇంకా దొరుకుతాయి. 1970ల మధ్యలో పోత క్రాంకులు వచ్చాయి, వాటికి ముందుది చూసి తీసుకోవాలి. స్ట్రోకును 3.75 నుంచి 4.15 అంగుళాలకి పెంచే క్రాంకు వేసి, బోరును అంగుళంలో 30 వెయ్యో వంతులు పెద్దది చేయిస్తే అదే బ్లాకు 493 ఘనపుటంగుళాలు అవుతుంది. బయటి కొలతలు మారవు, బ్రేక్ బూస్టర్ జరగక్కర్లేదు. పైన అల్యూమినియం హెడ్లు వేస్తే ముందు చక్రాల మీద బరువు ఇంకా తగ్గుతుంది. బోరింగ్ చేయించే ముందు సిలిండర్ గోడల మందం అల్ట్రాసౌండ్ మీటర్‌తో నాలుగు వైపులా కొలిపించాలి. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు కాస్త జరిగి ఉంటే ఒక పక్క గోడ పలచబడి ఉంటుంది, ఆ బ్లాకును పక్కన పెట్టి ఇంకోటి వెతకాలి.