పందెపు కుక్క జాతకం

గ్రేహౌండ్స్ అంటే మన వైపు ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పోలీసులు. 1989లో నక్సలైట్ల వేటకని పెట్టిన దళానికి ఆ పేరు. పేరుకి అసలు హక్కుదారు మాత్రం ఒక కుక్క. పిడికెడు నడుము, పొడుగు కాళ్ళు, నాలుగు రోజులుగా పస్తున్నట్టుండే ముఖం. ఆరు కుక్కల్ని ఆరు పెట్టెల్లో నిలబెట్టి, ముందు ఒక బొమ్మ కుందేలుని తోలి, తలుపులెత్తేస్తారు. అర నిమిషంలో అంతా అయిపోతుంది. బ్రిటన్లో ఈ వేడుక 1926 జూలై 24న మాంచెస్టరులోని బెల్ వ్యూ మైదానంలో మొదలైంది.

కర్నూలు ఎండలో కూర్చున్న ఆడదానికి ఈ గొడవెందుకంటారా? ఎక్కడెక్కడి పందేల కాగితాలూ ఇప్పుడు సెల్‌ఫోనులోకి వచ్చేశాయి కనక. ప్రొద్దుటూరు క్రికెట్ పందేల సంగతి పేపరు చదివే వాళ్ళందరికీ తెలిసిందే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది, మంచిదే. కానీ మన ఇళ్ళల్లో వినిపించే ఒక మాటని ఏ చట్టమూ నిషేధించలేదు. "ఇది జూదం కాదే, లెక్క. ఊరికే కట్టట్లేదు, ఫారం చూసి కడుతున్నా." ఆ మాటతో ఇల్లాలి నోరు మూతపడుతుంది. ఆవిడ ఆ ఫారం ఎప్పుడూ చదవలేదాయె! అంచేత నేను కూర్చుని చదివాను. సాటి రచయిత పుస్తకాన్ని సమీక్షకి తీసుకుని ఎంత ఓపిగ్గా చదువుతానో అంత ఓపిగ్గానూ చదివాను.

చెప్పొద్దూ, బాగుంది!

కుక్క పేరు కింద అది ఇదివరకు పరిగెత్తిన పందేలు, పందేనికో వరుస చొప్పున ఉంటాయి. ఒక వరుస నేనే కల్పించి చూపిస్తాను. మార్చి 12. 480 మీటర్లు. మూడో పెట్టె. 4.62. 5, 4, 3, 2. రెండో స్థానం, ముప్పావు నిడివి. నెమ్మదిగా బయల్దేరింది, మొదటి మలుపులో ఇరుకున పడింది, చివర అందుకుంది. 29.40. బరువు 31.2. ధర రెండుకి ఐదు. ఎ4.

పంచాంగం చూడ్డం వచ్చిన వాళ్ళకి ఇదేం కష్టం కాదు. పెట్టె నంబరంటే కుక్క బయల్దేరిన చోటు. ఒకటో పెట్టె లోపలి కంచె పక్కన, ఆరోది బయటి వైపు. ఏ పెట్టె కుక్కకి ఆ రంగు చొక్కా: ఎరుపు, నీలం, తెలుపు, నలుపు, నారింజ, ఆరోదానికి నలుపు తెలుపు చారలు. 4.62 అంటే మొదట్లో ఒక గుర్తు దాకా పట్టిన సెకన్లు. తర్వాతి నాలుగంకెలూ ఒక్కో చోట ఎన్నో స్థానంలో ఉందో చెబుతాయి. ముప్పావు నిడివంటే గెలిచిన కుక్కకి ఒక కుక్క పొడవులో ముప్పావు వెనకబడిందని. 29.40 గెలిచినదాని సమయం, మన కుక్కది కాదు. కొత్తవాళ్ళు సాధారణంగా తడబడేది ఇక్కడే. ఇసుక తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నదాన్ని బట్టి ఆ సమయాన్ని మళ్ళీ సరిచేసుకోవాలి. బరువు కిందటి పరుగు నాటికీ ఇవాళ్టికీ కిలో కంటే ఎక్కువ తేడా వస్తే బ్రిటన్లో ఆ కుక్కని పందెం లోంచి తీసేస్తారు. ఎ4 అన్నది తరగతి. అంకె పెరిగేకొద్దీ కుక్క నెమ్మది. కాబట్టి ఎ8లో మొదట వచ్చిన కుక్క కంటే ఎ2లో నాలుగోది వచ్చిన కుక్కే గట్టిది కావచ్చు. "పోయినసారి ఫస్టొచ్చింది" అని ఎగిరేవాళ్ళకి ఈ ఒక్క ముక్క చాలు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ రిమార్కుల గడి. ఒక ప్రాణి అర నిమిషం జీవితాన్ని నాలుగు పొడి అక్షరాల్లో చెప్పేస్తారు. ఉపమానాల్లేవు, ఓదార్పు లేదు. ఇరుకున పడింది, తగిలింది, అడ్డు వచ్చారు, ఒంటరిగా ముందు పోయింది. పేజీల కొద్దీ మనోభావాలు రాసే మాలాంటి వాళ్ళం సిగ్గుపడాలి. చదవాల్సింది కూడా ఈ గడినే. రెండో స్థానం అన్న అంకె కంటే, మలుపులో నలిగి కూడా రెండోది వచ్చిందన్న మాటలో విషయం ఎక్కువ. లోపలి కంచె పట్టుకుని పరిగెత్తే అలవాటున్న కుక్కకి, ఇవాళ పక్క పెట్టెలో బయటినించి లోపలికి తోసుకొచ్చే కుక్క పడిందా అని చూసుకోవాలి. ఆడకుక్క అయితే అది ఎదకొచ్చిన తేదీ కూడా అచ్చేస్తారు! ఆ తేదీ తర్వాత ఇన్ని వారాలు పోతే వేగం పెరుగుతుందని పందెగాళ్ళ లెక్క. మనం క్యాలెండరు మీద ఎవరికీ కనబడకుండా చుక్క పెట్టుకునే సంగతి అక్కడ వేలమంది ముందు అచ్చులో ఉంటుంది. పాపం, దాన్ని అడిగిందెవరు?

ఇలాంటి చదువు మన సీమకి కొత్తదేం కాదు. బ్రహ్మంగారి మఠం, మహానంది తిరునాళ్ళలో ఎద్దుల బండలాగుడు పోటీలు చూసిన వాళ్ళకి తెలుసు. పళ్ళు చూసి వయసు కట్టి పాలపళ్ళ గిత్తలు, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని తరగతులు చేస్తారు. ఇచ్చిన నిమిషాల్లో బండని ఎన్ని అడుగులు లాగాయో అంగుళాలతో సహా కొలుస్తారు. మర్నాడు జిల్లా పేపర్లో ఊరి పేరుతో, అడుగులతో పడుతుంది. గట్టు మీద కూర్చున్న ముసలాయన దాన్ని వట్టి అంకెగా చదవడు. "ఆ పొద్దు నేల మెత్తగుండె, ఈ జత మధ్యాన్నం ఎండకి దిగినాయి, లేకుంటే ఇంకా లాగుతాండె" అంటాడు. ఇసుక తడిని బట్టి సమయం సరిచేసుకోవడం అంటే ఇదే. మాంచెస్టరు వాడు దానికొక గడి గీసి అచ్చేశాడు, అంతే తేడా.

ఇంతవరకూ ఫారం వైపే మాట్లాడాను. చదువుకున్న మగవాళ్ళు ఇంకో మెట్టెక్కి, గుర్రప్పందెం నైపుణ్యం మీద ఆధారపడే ఆటేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పిందంటారు. చెప్పిన మాట నిజమే. ఫారంలో విద్య ఉందని నేనూ ఒప్పుకుంటున్నాను. తేలాల్సిందల్లా ఆ విద్య ఎవరి చేతిలో ఉందన్నదే.

దండి దశకుమార చరితంలో, అంటే మన కేతన తెనిగించి తిక్కనకి అంకితమిచ్చిన కథలో, ప్రమతి అనే కుమారుడు దారిలో కోడిపందెం దగ్గర ఆగుతాడు. నారికేళ జాతి పుంజు మీదికి బలాక జాతి పుంజుని వదలడం చూసి నవ్వుతాడు. ఏ జాతి బలం ఎంతో తెలియని వాళ్ళు తప్పు జత కట్టారని ఆ నవ్వుకి అర్థం. పక్కనున్న ముసలి బ్రాహ్మడు ఆ సంగతి గ్రహించి ఏం చేశాడనుకున్నారు? "ఆ తెలివితక్కువ వాళ్ళతో మనకేం, ఊరుకో" అన్న ధోరణిలో సముదాయించి తాంబూలం చేతిలో పెట్టాడు. చివరికి చూస్తే గెలిచిన పుంజు ఆయన పక్షానిదే!

దండి కాలం నించీ పందెం గుట్టు ఇదే. తెలిసినవాడు చెప్పడు, తాంబూలం ఇచ్చి నోరు మూయిస్తాడు. మరి రోజుకి రెండు వందలు పంపితే రేపటి గెలుపు కుక్క పేరు చెబుతామంటూ ఫోనులో మెసేజీలు పెట్టే వాళ్ళని ఏమనుకోవాలి?

తెలిసిన సంగతి పదిమందికీ తెలిసిపోతే దాని విలువ పోతుంది. వరుస చివర ధర అని ఒక గడి ఉందే, అది ఊరికే లేదు. మలుపులో నలిగి కూడా రెండోది వచ్చిందన్న సంగతి మీరు కనిపెట్టేసరికి వేలమంది కనిపెట్టారు. ధర రాసేవాడు అందరికంటే ముందే కనిపెట్టాడు. నిరుడు అయిదు రెట్లు ఇచ్చిన కుక్కకి ఇవాళ రెండు రెట్లే ఇస్తానంటాడు. పైగా వాడి కూలి వాడు ముందే తీసుకుంటాడు. ఆరు కుక్కలూ సమానమే అనుకోండి. న్యాయంగా అయితే గెలిచినదాని మీద పెట్టిన వందకి, ఆ వందతో కలిపి ఆరు వందలు రావాలి. వాడు అయిదు వందలిస్తాడు. ఆరింటి మీదా తలా వంద పెట్టి చూడండి: చేతినించి పోయింది ఆరు వందలు, తిరిగి వచ్చేది అయిదు. చీటీ పాటలో కమీషను ఎంత, తోపు ఎంత అని నోటిలెక్క వేసే మీకు ఇది వివరించక్కర్లేదు. గెలిచే కుక్కని పట్టుకోవడం చాలదు, ఆ కుక్క గురించి ధర రాసినవాడి కంటే మీకు ఎక్కువ తెలిసి ఉండాలి. ఫోనులో పావుగంట చూసి కట్టే మన ఇంటి పెద్దమనిషికి తెలుసంటారా?

ఇది కనీసం సమాచారం ఉన్న కాగితం. కుక్కుట శాస్త్రంలో కోడి రంగుకి వారమూ దిక్కూ ముడిపెట్టి డేగ ఎప్పుడు గెలుస్తుంది, కాకి ఎప్పుడు గెలుస్తుంది అని చెబుతారు. అక్కడ సగం కోడి, సగం నమ్మకం. మట్కా చార్టుకొస్తే ఆ సగమూ లేదు. మట్కా పుట్టింది పత్తి ధరల మీదంటే ఆదోని వాళ్ళు ఆశ్చర్యపోవచ్చు. న్యూయార్కు పత్తి ధరలు బొంబాయికి తంతిలో వచ్చేవి, ఆ అంకెల మీద పందేలు కాసేవారు. 1960లలో ఆ దారి మూసుకుపోయాక కుండలో చీటీలు వేసి తీశారు, ఆ తర్వాత పేకముక్కలు. పత్తి పోయినా అంకె మిగిలింది. పాత అంకెల పట్టీ ముందేసుకుని ఎర్ర పెన్సిలుతో గీతలు గీసేవాళ్ళు మన ఊళ్ళల్లో ఎందరో. కుక్కకి కాళ్ళుంటాయి, అలవాట్లుంటాయి. కుండకి నిన్నటి సంగతి గుర్తుండదు గదా!

విమర్శకురాలిగా ఫారం మీద నాకున్న ఫిర్యాదు వేరే ఉంది. చివరి వరుస తర్వాత కుక్క ఏమైందో అందులో ఉండదు. 1929లోనూ 1930లోనూ ఇంగ్లీషు డెర్బీ గెలిచిన మిక్ ద మిల్లర్‌ని చర్మంలో దూది కూరి ట్రింగ్ ఊరి మ్యూజియంలో నిలబెట్టారు. మిగతావాటికి అంత భాగ్యం లేదు. మలుపుల్లో కాళ్ళు విరిగే కుక్కల గోల భరించలేక న్యూజీలాండు ప్రభుత్వం ఈ పందేలు ఎత్తేస్తున్నట్టు 2024 డిసెంబరులో ప్రకటించింది. రిమార్కుల గడిలో "తగిలింది" అన్న మాట ఎంత మెత్తగా ఉంటుందో!

ఇంకొకరి ఫారం కూడా ఎవరూ అచ్చెయ్యరు. పందెం కట్టేవాడిది. ఈసారి "ఫారం చూసి కడుతున్నా" అన్న మాట వినపడితే, పచారీ పద్దుల పుస్తకం వెనక పేజీలో గళ్ళు గీయండి. తేదీ, పెట్టిన సొమ్ము, వచ్చిన సొమ్ము, రిమార్కు. మూడు నెలలు చాలు. మొదట్లో "వేగంగా బయల్దేరారు" అని రాయాల్సి వస్తుంది, మొదట్లో అందరూ ఒకటి రెండు గెలుస్తారు. తర్వాత మలుపుల్లో ఏమైందో కూడా దాచకుండా రాయండి, పిల్లవాడి కాలేజీ ఫీజు ఇరుకున పడిన తేదీ, ప్రొద్దుటూరు కొట్లో తాకట్టుకి వెళ్ళిన గాజుల బరువు గ్రాముల్తో సహా.