చూడని చిత్రములు, చదివిన సమీక్షలు

వారపత్రికలోని చలనచిత్ర సమీక్షకు ఆయుర్దాయము ఏడు దినములు. ఎనిమిదవ దినమున ఆ కాగితము పచారీ దుకాణములో పొట్లమగును. చిత్రము ఆడుచున్నంత కాలమే దానిని గూర్చిన మాటకు గిరాకి. చిత్రము వెళ్లిపోయిన పిదప సమీక్షతో ఎవరికి పని? అయినను అట్టి సమీక్షలను ఏరి గ్రంథముగా కూర్చినవారు కలరు. కొని చదివినవారును కలరు. తాము చూడని, ఇక చూడబోని చిత్రములను గూర్చి వ్రాసిన మాటలను జనులు ఏల చదువుదురు? ఈ ప్రశ్నను ఒక అమెరికా రచయిత గ్రంథమును ముఖ్యాధారముగా గొని విచారించి, పిదప మన భాషలోని స్థితిని పరామర్శించుట ఈ వ్యాసోద్దేశము.

ఆ రచయిత జేమ్స్ ఏజీ. 1909 నవంబరు 27న టెనెసీ రాష్ట్రములోని నాక్స్‌విల్ పట్టణమున జన్మించెను. కవి, నవలాకారుడు. 1941 నుండి 1948 వరకు 'టైమ్' వారపత్రికలో పేరు లేకుండను, 1942 చివరి నుండి 1948 వరకు 'ది నేషన్' పత్రికలో తన పేరుతోను చిత్రసమీక్షలు వ్రాసెను. 1955 మే 16న న్యూయార్కు నగరమున టాక్సీలో పోవుచుండగా గుండె ఆగి మరణించెను. అప్పటికి అతని వయస్సు 45 సంవత్సరములు. మూడేండ్లకు, 1958లో, ఆ సమీక్షలు 'ఏజీ ఆన్ ఫిల్మ్' అను పేర సంపుటమైనవి.

ఆ గ్రంథము ముందుపుటలలో ఒక లేఖ ఉన్నది. 1944లో ఆంగ్లకవి డబ్ల్యు. హెచ్. ఆడెన్ 'ది నేషన్' సంపాదకులకు వ్రాసినది. తనకు సినిమాలపై అంత ఇష్టము లేదనియు, వానిని చూచుట అరుదనియు, అయినను ఏజీ వ్రాయు శీర్షికకై వారము వారము ఎదురుచూచెదననియు ఆ కవి తెలిపెను. ఈ వ్రాతలు ఏదో ఒకనాడు పిహెచ్.డి. సిద్ధాంతవ్యాసమునకు విషయమగునేమో యని విచారమును గూడ వెలిబుచ్చెను. పరిశోధన వ్యాసముల సంపుటమున ఈ పంక్తులు వ్రాయుచున్న నాకు ఆ చమత్కారము తగులక పోలేదు. సినిమా చూడని కవి సినిమా సమీక్షను చదివెను. మన ప్రశ్నకు మూలము ఇందే కలదు.

ఏజీ సమీక్షలలోని మొదటి ఆకర్షణ అతడు నిలుచున్న చోటు. 'ది నేషన్'లో తన తొలి వ్యాసమున అతడు తన అర్హతలను ఏకరువు పెట్టలేదు. బాల్యము నుండి చిత్రములు చూచితిననియు, వానిని గూర్చి తలపోసి మాటలాడితిననియు, అవి తయారగు విధానమును మాత్రము దాదాపు ఎరుగననియు ఒప్పుకొనెను. పాఠకుడెక్కడ నున్నాడో తానును అక్కడనే యున్నాడని దీని భావము. ఉన్నతాసనము నుండి తీర్పు చెప్పు విమర్శకుని మనము గౌరవింతుము; ప్రక్క కుర్చీలో కూర్చుండి చూచినవాని మాటను విందుము.

రెండవది అతని చూపులోని నిశితత్వము. 1949లో 'లైఫ్' పత్రికకు అతడు మూకీ హాస్యచిత్రములను గూర్చి వ్రాసిన దీర్ఘవ్యాసము ఈ సంపుటమునకు తలమానికము. అందు చాప్లిన్, కీటన్, లాయిడ్, లాంగ్డన్ అను నలువురి కళను వివరించుచు, హాస్యనటుల పరిభాషలో నవ్వునకు నాలుగు మెట్లున్నవని చెప్పెను: టిట్టర్, యౌల్, బెల్లీ లాఫ్, బాఫో. మొదటిది కిసకిస, రెండవది ఆ కిసకిసయే అదుపు తప్పి అరుపగుట, మూడవది కడుపుబ్బు నవ్వు, నాల్గవది ప్రాణము తీయు నవ్వు. ఈ భాగము చదువునప్పుడు తెలుగు పాఠకునకు భరతుని నాట్యశాస్త్రము స్మరణకు రాకపోదు. భరతుడు హాస్యమును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని ఆరు విధములుగా విభజించి, ఉత్తమ మధ్యమాధమ ప్రకృతులకు రెండేసి చొప్పున పంచెను. భరతుని విభాగము నవ్వువాని స్వభావమును బట్టి. ఏజీ చెప్పినది నవ్వించువాని నేర్పును బట్టి. ఒకే ప్రేక్షకుని మొదటి మెట్టు నుండి నాల్గవ మెట్టునకు అంచెలంచెలుగా ఎక్కించుటయే మేటి హాస్యనటుని పని యని అతని సిద్ధాంతము. సమీక్షకుడు ఇచట లక్షణకర్త యగుచున్నాడు. ఆ చిత్రములను ఎన్నడును చూడనివాడు సైతము ఈ వ్యాసము చదివి, రేపు ఏ నటుడు నవ్వించినను ఎన్నవ మెట్టు ఎక్కించెనో గమనింపగలడు.

మూడవది ధైర్యము. 1947లో చాప్లిన్ 'మస్య వెర్దూ' చిత్రమును విడుదల చేసినప్పుడు న్యూయార్కు పత్రికలలో అనేకము విరుచుకొని పడినవి. చాప్లిన్ రాజకీయములను గూర్చి పత్రికాగోష్ఠిలో నిలదీసిరి. ఆ గోష్ఠిలో లేచి చాప్లిన్ పక్షమున మాటలాడినవాడు ఏజీ. పిమ్మట ఆ ఒక్క చిత్రమును గూర్చియే 'ది నేషన్'లో మూడు భాగములుగా సమీక్ష వ్రాసెను. అంతకు ముందు, యుద్ధమున మనస్సు చెదరిన సైనికులను గూర్చి జాన్ హ్యూస్టన్ 1946లో తీసిన 'లెట్ దేర్ బీ లైట్' చిత్రమును ప్రజలు చూడరాదని సైన్యశాఖ నిషేధింపగా, ఏజీ దానిని బాహాటముగా ఖండించెను. ఆ చిత్రము జనులకు చూడ లభించినది 1980లో. నడుమ 34 ఏండ్లు. అన్నాళ్లు అట్టి చిత్రము కలదనియు, దానిని దాచిరనియు సామాన్య పాఠకునకు సాక్ష్యము పలికిన పుటలలో ఏజీ పుటయు నొకటి.

ఇక దోషములు. ఏజీ వాక్యము ఒక్కొక్కచోట తన్ను తాను ఖండించుకొనుచు, మెచ్చిన దానికి మినహాయింపులను, మినహాయింపులకు మరల మినహాయింపులను చేర్చుచు పోవును. మరియు తెరపై నున్న చిత్రమును వదలి, తాను తీసియుండిన నెట్లుండెడిదో ఆ చిత్రమును సమీక్షించు స్వభావము అతనికి కలదు. అది విమర్శకునకు దోషమే. కాని ఆ దోషమే అతనిని రచనకు పురికొల్పినదని నా యూహ. 1951 నాటి 'ది ఆఫ్రికన్ క్వీన్'కు హ్యూస్టన్‌తో కలసియు, 1955 నాటి 'ది నైట్ ఆఫ్ ది హంటర్'కును అతడు చిత్రానువాదము వ్రాసెను.

మన భాషలో దీనికి సాటి యున్నదా? ఉన్నది. ఏజీకి సరిగా నెలదినములు ముందు, 1909 అక్టోబరు 28న తెనాలిలో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు కథలతోపాటు సినిమా వ్యాసములను విరివిగా వ్రాసెను. అవియు అనంతరకాలమున సంపుటములైనవి. సమీక్షకుడుగా నుండి చిత్రరచయిత యగుటలో ఏజీకి ఎక్కువ దగ్గరివాడు ముళ్లపూడి వెంకటరమణ. 1931లో ధవళేశ్వరమున బుట్టి, చెన్నపురి నుండి వెలువడుచుండిన ఆంధ్రపత్రికలో పనిచేయుచు చిత్రసమీక్షలు వ్రాసెను. పిదప 1962లో 'రక్త సంబంధం', 1967లో బాపు దర్శకత్వమున వచ్చిన 'సాక్షి' మున్నగు చిత్రములకు రచయిత యయ్యెను. ఆయన సినిమా వ్రాతలు సాహితీసర్వస్వములో 'సినీ రమణీయం' పేర చేరినవి. ఏజీది తర్కించుకొను వాక్యము. రమణది నవ్వుచు చురక వేయు వాక్యము. ఇంటిలో మాటలాడుకొను తెలుగునకు అచ్చులో ఇంత సొగసున్నదా యని పాఠకుడు ఆశ్చర్యపడును.

మన సమీక్షల విలువకు ఇంకొక కారణము కలదు. 1932 ఫిబ్రవరి 6న విడుదలయిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి నేడు లభ్యము కాదు. పుణె నగరమున జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడినది 1964లో; అంతకు ముందే పోయినవి పోయినవి. చిత్రము నశించినచోట నాటి పత్రికలోని మాటయే మిగులును. కావున ఇట్టి సంపుటములను ప్రకటించువారు చిత్రము పేరు, సంవత్సరము, నటవర్గము, సమీక్ష వెలువడిన తేదీ తెలుపు సూచికను తప్పక చేర్చవలెను. అది లేని సంపుటము ఆనందమిచ్చునేగాని ఆధారము కాజాలదు.

ఇంతకును తమిళనాట ఒక తెలుగు బడిలో పాఠములు చెప్పుకొను నాకు ఈ విచారమేల? 2006లో వచ్చిన తమిళ అధ్యయన చట్టముతో తమిళము ఒకటవ తరగతి నుండి క్రమముగా అనివార్య పాఠ్యమైనది. నివసించు రాష్ట్రపు భాషను నేర్చుట ధర్మమే. దానితో నాకు వివాదము లేదు. కాని తెలుగునకు మిగిలిన గంటలు స్వల్పము. ఆ స్వల్పకాలమున పిల్లల ముందు ఏ వచనము నుంచవలెను? మా పిల్లలకు ఇంటి వెలుపల తెలుగు వినబడునది సినిమాలోనే. చెవికి తెలుగు వచ్చును, కంటికి రాదు. సినిమాయే భాషను చెరచుచున్నదని మన సభలలో పెద్దలు వాపోవుట వినియున్నాను. నా అనుభవము వేరు.

ఒకసారి పదవ తరగతివారిని తాము చూచిన చిత్రమును గూర్చి పది వాక్యములు వ్రాయుడంటిని. అందరును "సూపరుగా ఉంది" అని వ్రాసిరి. మరునాడు రమణ సమీక్ష యొకటి చదివి వినిపించి, ఏజీ చెప్పిన నాలుగు నవ్వులను బోర్డుపై వ్రాసి, "బాగుంది, బాగులేదు అను మాటలు వాడక మరల వ్రాయుడు" అంటిని. తెలుగు లిపి తడుముకొనుచు వ్రాయు ఒక బాలిక ఇట్లు వ్రాసెను: ఏడుపు ఘట్టము వచ్చినప్పుడు మా అవ్వ వేరుసెనగకాయలు ఒలుచుట మానివేసినది. అక్షరదోషములు మూడున్నవి. దిద్దుటకు ముందు ఆ వాక్యమును తరగతికి రెండుమారులు చదివి వినిపించితిని. ఆ బాలిక చిత్రమును చూచినది, చూచువారిని చూచినది, దానిని తెలుగులో చెప్పినది. విమర్శ యనగా ఇంతకంటె వేరేమి?

సమీక్షల సంపుటమును మనము చదువునది ఏ చిత్రము మంచిదో తెలిసికొనుటకు కాదు. ఒక మనుష్యుడు శ్రద్ధగా చూచి, చూచినదానిని దాచుకొనక చెప్పిన తీరును వినుటకు. రాష్ట్రేతరాంధ్రుల సంఘములు ఏటేట బహుమాన గ్రంథములను కొనుచున్నవి. పద్యకావ్యములతోపాటు ఇట్టి సంపుటమొకటి ప్రతి తెలుగు బడికి చేర్చుదురు గాక యని విజ్ఞులకు నా మనవి. గంటలు తక్కువయైనచోట, పిల్లవాడు తనంతట తెరచి చదువు పుస్తకమే రెండవ ఉపాధ్యాయుడు.