పొగ పరీక్షకు అందని పెట్రోలు ఆవిరి

మోటారు బండ్లకు ఇచ్చే కాలుష్య నియంత్రణ పత్రము అవసరమైనదే. కాని పెట్రోలు కార్లకు జరిపే ఆ పరీక్ష పొగగొట్టపు వాయువులను మాత్రమే కొలుస్తుంది. ట్యాంకు మూత సరిగా బిగియక ఆవిరి పోవుచున్న బండికి కూడ పత్రము దొరకవచ్చును.

కర్నూలు, కడప ప్రాంతాలలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు నిలిపి ఉంచిన కారులోనూ పెట్రోలు ఆవిరి అవుతుంది. ఆ ఆవిరిని ఉత్తేజిత బొగ్గు నింపిన డబ్బా పట్టి ఉంచుతుంది. ఇంజను నడుచునప్పుడు కవాటము తెరచుకొని దానిని ఇంజనులోనికి పంపుతుంది. ఈ మార్గములో రంధ్రము పడితే ఆవిరి గాలిలో కలిసి, ఎండలో నైట్రొజన్ ఆక్సైడులతో చేరి ఓజోను పుట్టుటకు కారణమవుతుంది.

లోపమును కనిపెట్టుట కష్టము కాదు. మూసిన పాత్రలో ఒత్తిడి నిలువకున్న ఎక్కడో సందున్నదన్నమాట. మొదట మూత రబ్బరు చూడవలెను. తరువాత వర్క్‌షాపులో గొట్టములలోనికి కొద్ది ఒత్తిడితో పొగ పంపితే, అది వెలువడిన చోటే లీకు. కాలిఫోర్నియాలో పాత కార్లకు ఇట్టి ఒత్తిడి పరీక్ష ఉన్నది. మన దేశములో 2020 నాటి భారత్ స్టేజి 6 ప్రమాణాలు కొత్త నమూనాల ఆవిరిని మూసిన గదిలో కొలిపిస్తున్నవి. రోడ్డెక్కిన బండికి జరిపే పత్రపు పరీక్షలో ఆ కొలత లేదు. కనీసము మూత పరీక్షయైనా అందులో చేర్చవలెను.