ఏనుగు పొట్టలో నూనె

ఈ వారం హైదరాబాదులో ఒక గృహప్రవేశం. హాలు మూలన నడుమెత్తు ఇత్తడి సెమ్మె నిలబెట్టారు. నాచియార్‌కోయిల్ పని, ఐదు ముఖాలు, పైన హంస. దగ్గరికెళ్లి చూస్తే నూనె పోయాల్సిన పళ్లెంలో చిన్న బల్బు, కాండానికి బెజ్జం వేసి లాగిన వైరు. ఈ కాలమ్‌కు ఒళ్లు మండటానికి అంతకంటే ఏం కావాలి? వాడని వస్తువుకు అందం సగమేనన్న మాట ఇక్కడ ఎన్నిసార్లు వచ్చిందో పాత పాఠకులకు తెలుసు.

అందమూ పనీ ఒకటే అయిన దీపం ఎలా ఉంటుందో చూడండి. ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయంలో, జోగేశ్వరి దగ్గర దొరికిన వేలాడే కంచుదీపం ఉంది. వెయ్యేళ్లు దాటినదని అంచనా. గొలుసు పొడవునా నాట్యగత్తెల బొమ్మలు, కింద మనుషులను ఎక్కించుకున్న ఏనుగు, దాని కాళ్ల కింద పళ్లెం. చూడవచ్చినవాళ్లు శిల్పాన్ని మెచ్చుకుని ముందుకు కదులుతారు. అసలు పనితనం ఏనుగు పొట్టలో ఉంది. అది నూనె తొట్టి. పళ్లెంలో మట్టం తగ్గగానే లోపలికి గాలి చొరబడుతుంది, ఆ మేరకు నూనె దిగుతుంది. మట్టం పెరిగి దారి మూసుకోగానే ఆగిపోతుంది. కోళ్లఫారంలో బోర్లించి పెట్టే నీళ్ల డబ్బాదీ ఇదే సూత్రం.

ఇంత ఏర్పాటు ఎందుకంటే నువ్వుల నూనె, ఆముదం చిక్కటివి. ఒత్తి వెంట ఎంతో ఎత్తు పాకలేవు. మట్టం కాస్త పడిపోయిందా, వెలుగు మసకబారి, ఒత్తి కొస బొగ్గయిపోతుంది. ఎవరో ఒకరు ఎగదోస్తూ కూర్చోవాలి.

యూరప్‌లోనూ అదే తంటా. 1780లలో జెనీవావాడు ఎమె ఆర్గాన్ గొట్టంలాంటి ఒత్తితో, లోపలా బయటా గాలి ఆడేలా దీపం చేశాడు. చుట్టూ చిమ్నీ పెట్టించాడు. వెలుగు ఎన్నో రెట్లు పెరిగింది, నూనె మాత్రం పైకి ఎక్కనంది. తొట్టిని మంట పక్కనే ఎత్తుగా పెట్టక తప్పలేదు. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బోల్టన్ లాంటి తయారీదారులు ఆ తొట్టినే కలశంలా మలిచారు. దొరల భోజనాల గదుల్లో మెరిసిన ఆ కలశాల నిండా నూనే.

1850లలో కిరసనాయిలు వచ్చింది. పల్చటిది, ఒత్తిలో ఇట్టే పైకి పాకుతుంది. తొట్టి మంట కిందికి దిగింది. ఏనుగుకూ కలశానికీ పని పోయింది. మన వసారాల్లో వేలాడిన హరికేన్ లాంతరుకు రేకు తొట్టి, గాజు చిమ్నీ, పట్టుకోవడానికి ఒక తీగ చాలాయి.

ఆ లెక్కన పని పోయిన నగిషీ కూడా పోవాలి. పోలేదు. కుంభకోణం పక్కన నాచియార్‌కోయిల్‌లో ఇప్పటికీ ఇసుక అచ్చుల్లో ఇత్తడి పోసి, భాగాలు విడివిడిగా చేసి, మరలతో బిగిస్తున్నారు. ఆదిలాబాద్ వైపు ఓజా పనివాళ్లు మట్టిముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మట్టి మెత్తి, మైనం కరిగి పోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. ప్రతిసారీ అచ్చు పగలగొట్టాల్సిందే, అందుకే ఏ రెండూ ఒకేలా ఉండవు. ఆ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ పనివాళ్ల దగ్గరికి జనం వచ్చేది వెలుగు కోసం కాదు, ఎక్కువగా హాలు అలంకరణ కోసమే. గృహప్రవేశాలకు సెమ్మెలు కొనేవాళ్లు మానేస్తే ఆ కొలుములు ఆరిపోతాయి.

కాబట్టి కొనండి, అందానికే కొనండి. రోజూ వెలిగించకపోయినా ఫరవాలేదు. బెజ్జం మాత్రం వేయించకండి, రేపు మీ పిల్లలకు నూనె పోసుకునే వీలుండాలి. బల్బు తప్పదంటే వెనక గోడకు పెట్టించుకోండి.